షెడ్డులో తాళం వేసి పెట్టిన ప్యానెల్‌కే చిలుము ఎందుకు పడుతోంది? (రొయ్యల చెరువు ఏరేటర్లు, సాయం కావాలి)

ఉప్పుటేరు_రైతు | జూన్ 9, రాత్రి 11:20

అందరికీ నమస్కారం అండి. మాది భీమవరం దగ్గర, వనామి రొయ్య వేస్తాం. కరెంటు సంగతి తెలిసినోళ్ళు కాస్త చదివి చెప్పాలి, పెద్దదైపోయింది ఏమనుకోకండి.

మాకు రెండు చోట్ల చెరువులు. రెండు చోట్లా చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు పదేసి, ఒక్కోటి 2 హెచ్‌పీ, త్రీ ఫేజు. ఒకచోట ప్యానెల్ బోర్డు ఉప్పుటేరు గట్టుమీదే ఉంటది, పైన రేకులు తప్ప మూడు పక్కలా తెరిచే ఉంటది, గాలివాన వస్తే జల్లు కూడా కొట్టుద్ది. రెండోది అక్కడికి నాలుగు కిలోమీటర్లు లోపలికి, కొబ్బరితోట పక్కన. దానికి ఇటుకలతో షెడ్డు కట్టి తలుపు పెట్టి తాళం వేసి మరీ చూసుకుంటన్నాం.

గట్టుమీదిది రెండేళ్ళైనా పెద్దగా ఏం కాలేదు. తాళం వేసిందే రెండు నెలలకోసారి చెడిపోతోంది. నట్లు తుప్పు, లగ్గుల (వైరు కొసకి తొడిగి బోల్టుకి బిగించే లోహపు ముక్కలు) చుట్టూ పచ్చగా చిలుము, వైరు కొసలు బొగ్గులాగా నలుపు. మొన్న రాత్రి రెండున్నరకి ఒక ఫేజు లగ్గు కాలి ఊడిపోయింది, మోటార్లు రెండు ఫేజుల మీద మూలిగి మూలిగి రెండు కాలిపోయినై మిగతావి ట్రిప్ అయినై, కాపలా కుర్రాడు నిద్ర లేచేసరికి రొయ్య పైకొచ్చి తిరుగుతోంది, వాడు కంగారుపడి జనరేటర్ వేశాడు కానీ పోయింది కరెంటు కాదు కదా కనెక్షను, దానికి జనరేటర్ ఏం చేస్తది. ఆ చీకట్లో బ్యాటరీ లైటు పట్టుకుని వైరు కోసి వేరే టెర్మినల్‌కి బిగించి తిప్పేసరికి నాలుగైంది. పంట దక్కింది, అంతే.

మా ఎలక్ట్రీషియన్ని అడిగితే ఉప్పుగాలండీ ఏం చేస్తాం అంటాడు. ఉప్పుగాలే అయితే ముందు గట్టుమీదిది పోవాలి కదండీ?

విశాఖ_బాల్కనీ | జూన్ 9, రాత్రి 11:48

అయ్యో, చదువుతుంటేనే గుండె జారింది. మాది బీచ్‌కి దగ్గర్లో అపార్ట్‌మెంటు, ఏసీ బయటి యూనిట్ స్టాండు రెండేళ్ళకోసారి మార్చడమే. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చిపోయాక మీటర్ బాక్సుల్లో ఇసుక, ఉప్పు కలిసి పేరుకుపోయింది, అప్పుడు మా లైన్‌మేన్ చెప్పిన మాట ఒకటే, శుభ్రం చేసి వాసలీన్ రాయి అని. నేను కారు బ్యాటరీకి అదే రాస్తా, పనిచేస్తోంది. మీరూ రాసి చూడండి.

పాతసైకిల్_సీను | జూన్ 10, ఉదయం 6:05

వాసలీన్ ఎందుకండీ డబ్బు దండగ. బండి సర్వీసింగులో తీసేసిన పాత ఇంజనాయిలు ఉంటది చూడండి, బ్రష్షుతో ప్యానెల్ మొత్తానికి పట్టించండి. మా నాన్న నాగలి కర్రు దగ్గర్నించి గేటు కీలు దాకా అదే. ఇప్పటిదాకా తుప్పన్న మాట లేదు.

తీగల_మావయ్య | జూన్ 10, ఉదయం 7:30

సీనూ, నాగలికి రాయి, ప్యానెల్‌కి రాయకు నాయనా. పాత ఇంజనాయిల్లో మసి ఉంటుంది, ఇనప రజను ఉంటుంది, ఆమ్లం చేరి ఉంటుంది, పైగా అంటుకుంటే మండుతుంది. ఫేజుకీ ఫేజుకీ మధ్య దాన్ని పూసి కూర్చుంటే దుమ్మంతా దానికే అంటుకుని ఒకరోజు ఢామ్మంటుంది.

నేను కాకినాడ వైపు ముప్ఫయ్యేళ్ళు ఐస్ ఫ్యాక్టరీల్లో, హేచరీల్లో వైరింగు చేసి మానేసినవాణ్ణి. రైతుగారూ, పూత సంగతి తర్వాత. పూత వేసేముందు జాయింటు సరిగ్గా ఉందా లేదా అనేది అసలు సంగతి. వదులుగా ఉన్న జాయింటుకి వాసలీన్ రాస్తే అది మెరుస్తూ కాలిపోతుంది, అంతే తేడా.

కొన్ని ప్రశ్నలు. స్తంభం నుంచి ప్యానెల్ దాకా వచ్చే సర్వీసు వైరు అల్యూమినియమా రాగా? లగ్గులు క్రింపింగ్ టూలుతో నొక్కారా, కటింగ్ ప్లేయరుతో చితక్కొట్టారా? రాగి లగ్గులో అల్యూమినియం వైరు దూర్చారా? కాలిపోయిన లగ్గు పారెయ్యకుండా ఉంటే ఫొటో పెట్టండి.

ఉప్పుటేరు_రైతు | జూన్ 10, మధ్యాహ్నం 1:15

మావయ్యగారూ నమస్కారం. సర్వీసు వైరు అల్యూమినియమే, ప్యానెల్ లోపల రాగి. లగ్గు రాగిదే. ఎలా నొక్కాడో నాకు తెలీదు గానీ చూస్తే సుత్తి దెబ్బలాగా ఉంది. ఫొటో పెట్టాను.

ఇంకో సంగతి, నవ్వకండి. మా ఆవిడ అంటోంది, ఇత్తడి బిందెకి చిలుము పడితే చింతపండుతో తోముతాం కదా, ఈ ముక్కలకీ అలాగే తోమొచ్చు కదా అని. తోమితే నిజంగానే ఎర్రగా కొత్తదానిలా వచ్చింది ఒక లగ్గు. బిగించెయ్యొచ్చా?

రసాయనం_టీచర్ | జూన్ 10, సాయంత్రం 5:40

నవ్వేదేం లేదండి, మీ ఇంటావిడ చెప్పింది పక్కా కెమిస్ట్రీ. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ఉంటుంది, రాగి మీద పొరను అది కరిగిస్తుంది. కాకపోతే బిందెని తోమాక బోలెడు నీళ్ళతో కడిగి ఆరబెడతాం. లగ్గు లోపల, వైరు పోగుల సందుల్లో ఉండిపోయిన పులుపుని ఎలా కడుగుతారు? అందులో ఉప్పు కూడా వేసి తోమితే ఇంకా అన్యాయం. విడిగా ఉన్న ముక్కైతే తోమి, కడిగి, ఎండలో బాగా ఆరాక వాడుకోండి. వైరు బిగించి ఉన్నదాన్ని మాత్రం తోమకండి.

ఉప్పుగాలి గురించి ఒక్క మాట. వంటింట్లో ఉప్పు డబ్బా వానాకాలంలో చెమ్మగిల్లుతుంది కదా. శుద్ధమైన ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే నీరు లాక్కుంటుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, అది ఇంకా పొడిగా ఉన్న గాలిలోంచి కూడా లాగేస్తుంది. అందుకే ఉప్పు దుమ్ము పడ్డ లోహం మీద కంటికి కనపడని తడి ఎప్పుడూ ఉంటుంది. ఆ తడిలో రెండు వేర్వేరు లోహాలు తగులుకుని ఉంటే అది చిన్న బ్యాటరీ అయిపోతుంది, రాగీ అల్యూమినియమూ కలిస్తే అరిగిపోయేది అల్యూమినియమే. మావయ్యగారు అడిగింది దాని కోసమే.

కానీ మీ మొదటి ప్రశ్న దగ్గరే నా బుర్ర ఆగిపోయింది. వైరు పని రెండు చోట్లా ఒకరే చేశారా? చేసి ఉంటే రెండింట్లో తప్పు ఒకటే, తేడా షెడ్డులో ఉంది. ఆ షెడ్డులో ప్యానెల్ కాకుండా ఇంకేమేం పెడుతున్నారు? అన్నీ చెప్పండి, చీపురుకట్టతో సహా.

హ్యూస్టన్_బాబాయ్ | జూన్ 10, రాత్రి 9:10

ఇక్కడ గాల్వెస్టన్ వైపు నాకో చిన్న పడవ ఉంది, ఉప్పునీళ్ళలోనే తిరుగుద్ది, కాబట్టి నాకూ కొంచెం అనుభవం ఉంది. పడవల్లో మామూలు రాగి వైరు వాడరు, ప్రతి పోగుకీ తగరం పూత ఉన్న వైరు వాడతారు. జాయింటు మీద లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ ట్యూబు తొడిగి వేడి చేస్తే జిగురు కరిగి అంచుల్లోంచి ఉబికి సీలైపోద్ది. జిగురు లేని ట్యూబు చవకే కానీ అది చొక్కా లాంటిది, వాన ఆగదు. మామూలు నల్ల టేపు అయితే చెప్పక్కర్లేదు, ఎండకి జిగురు కారి ఊడి వేలాడుద్ది.

ఇంకోటి, మా ఇల్లు 1970లో కట్టింది, ఇక్కడ 1960ల మధ్య నుంచి 70ల మొదటి దాకా రాగి ధర పెరిగిందని చాలా ఇళ్ళలో అల్యూమినియం వైర్లు వేసేశారు. వైరు బానే ఉంటది, గొడవంతా కొసల దగ్గరే. స్విచ్చుల దగ్గర వేడెక్కి ప్లాస్టిక్ కరిగింది మాకు. ఎలక్ట్రీషియన్ వచ్చి ప్రతి కొసకీ పేస్టు పెట్టి రాగి ముక్క అతికించి పోయాడు. కాబట్టి మావయ్యగారి ప్రశ్నని తేలిగ్గా తీసుకోకండి.

నల్గొండ_బోరు | జూన్ 10, రాత్రి 10:02

అన్నా మా దిక్కు సముద్రమే లేదు, ఉప్పుగాలి అసలే లేదు, అయినా నా బోరు స్టార్టర్ డబ్బాల గింతగింత చిలుము. మాది పచ్చగ కాదు నీలం రంగుల వస్తది. ఇత్తడి స్క్రూ ఒకటి మొన్న బిగిస్తుంటే పుటుక్కున విరిగింది, నేను బలం పెట్టిన అనుకున్నా. నాది కూడ చెప్పుండ్రి సార్, ఈ ముచ్చట ఎటు పోతదో చూస్తున్న.

ఉప్పుటేరు_రైతు | జూన్ 11, ఉదయం 8:25

టీచర్‌గారూ, వైరు పని రెండు చోట్లా ఒకడే, ఒకే వారంలో చేశాడు.

షెడ్డులో ఉన్నవి రాసుకొచ్చాను. మేత బస్తాలు ఓ ఇరవై, మినరల్ మిక్చరు, ప్రోబయోటిక్ డబ్బాలు, సున్నం బస్తాలు, వలలు, రెండు డీజిల్ క్యాన్లు జనరేటర్ కోసం, నీళ్ళు శుభ్రం చేసే బ్లీచింగ్ బస్తాలు ఆరు, అందులో రెండు విప్పి ఉన్నై, కుర్రాడి మంచం, రైసు కుక్కరు. గట్టుమీద దొంగల భయం కాబట్టి సరుకంతా ఇక్కడే పెడతాం.

రసాయనం_టీచర్ | జూన్ 11, ఉదయం 8:41

ఇంక వెతకక్కర్లేదు. బ్లీచింగ్!

ముందు చేయాల్సింది, ఇప్పుడే ఫోన్ చేసి ఆ డీజిల్ క్యాన్లు బ్లీచింగ్ పక్కనించి తీయించండి. రెండూ కలిస్తే అగ్గిపుల్ల కూడా అక్కర్లేదు, దానంతటదే అంటుకోగలదు. కుర్రాడి మంచం కూడా బయటకి. అది అయ్యాక మిగతాది చదవండి.

సాయంత్రం వివరంగా రాస్తా, క్లాసుకి టైమైంది.

రసాయనం_టీచర్ | జూన్ 11, సాయంత్రం 6:15

విప్పిన బ్లీచింగ్ బస్తా గాలిలోని తేమనీ బొగ్గుపులుసు వాయువునీ పీల్చుకుని నెమ్మదిగా క్లోరిన్ వదులుతూ ఉంటుంది. తలుపు తీయగానే ముక్కుకి కొట్టే ఆ వాసన అదే. గట్టుమీద అయితే గాలికి ఎగిరిపోయేది. మీరు తలుపేసి తాళం కూడా వేశారు కాబట్టి అది ఆ గదిలోనే తిరుగుతూ ప్యానెల్ సందుల్లోంచి లోపలికి పోయి కూర్చుంది. రాత్రి చల్లబడి చెమ్మ పట్టేసరికి రాగితో కలిసి కాపర్ క్లోరైడ్ అవుతుంది, ఇనుముని తినేస్తుంది. ఉప్పుగాలి ఏడాదిలో చేసే పని ఇది కొన్ని వారాల్లో చేస్తుంది.

ఇంకో చిక్కుంది. క్లోరైడ్ పట్టిన రాగి, బస్తాలు తీసేసినా ఆగదు. మ్యూజియంలలో పాత కంచు విగ్రహాల మీద లేత పచ్చ పొడి రాలుతూ ఉంటుంది, ఎంత తుడిచినా మళ్ళీ వస్తుంది, కంచు రోగం అంటారు. క్లోరైడ్ లోపల ఉండి తేమ తగిలినప్పుడల్లా మళ్ళీ మళ్ళీ తినడమే అది. మీ లగ్గుల్లో ఉన్నదీ ఆ జాతిదే. కాబట్టి పచ్చబడ్డవి గీకి వాడొద్దు, మార్చేయండి.

నల్గొండ_బోరు గారూ, మీ స్టార్టర్ గదిలో యూరియా బస్తాలు గానీ ఎరువులు గానీ ఉన్నాయా?

నల్గొండ_బోరు | జూన్ 11, రాత్రి 7:50

టీచరమ్మా మీరు మా ఇంటికొచ్చి చూసినట్టే చెప్తున్రు! పది బస్తాల యూరియా, డబ్బాకి ఆనుకొనే ఉన్నయ్. గదిల పెట్టకపోతే వానకు కరుగుతదని పెట్టిన.

రసాయనం_టీచర్ | జూన్ 11, రాత్రి 8:05

తడి తగిలిన యూరియా నెమ్మదిగా అమోనియా వదులుతుంది. రాగితో అమోనియా కలిస్తే వచ్చేదే ఆ నీలం. ఇత్తడికైతే అది ఇంకా గట్టి శత్రువు, పైకి బానే కనపడుతూ లోపల సన్నటి పగుళ్ళు వచ్చి బిగిస్తున్నప్పుడో వేడెక్కినప్పుడో విరిగిపోతుంది. మీరు బలం పెట్టలేదు, స్క్రూ అప్పటికే సగం చచ్చిపోయి ఉంది.

నల్గొండ_బోరు | జూన్ 11, రాత్రి 8:09

మా తమ్ముణ్ణి తిట్టిన, వాడే బిగించిండు పోయినసారి. ఇగ ఫోన్ చేసి సారీ చెప్పాలె.

తీగల_మావయ్య | జూన్ 12, ఉదయం 6:50

టీచర్‌గారికి దండం. ముప్ఫయ్యేళ్ళలో నేను ఎన్నో హేచరీల్లో ఆ వాసన పీల్చాను కానీ ప్యానెల్‌తో ముడిపెట్టలేదు, మేమూ ఉప్పుగాలనే అనుకుని బిల్లులు రాసేవాళ్ళం.

సరే ఇప్పుడు నా పని. రైతుగారూ, మెయిన్ ఆపి, లైను కరెంటుకీ జనరేటర్‌కీ మార్చే చేంజోవర్ స్విచ్చు కూడా ఆఫ్‌లో పెట్టి, టెస్టరుతో కాదు మీటరుతో చూసి కరెంటు లేదని తేల్చుకున్నాకే చెయ్యి పెట్టనివ్వండి. చాలామంది మెయిన్ ఆపుతారు, జనరేటర్ ఆటోమేటిక్‌గా లేస్తుందని మర్చిపోతారు.

నల్లబడ్డ వైరు కొసని ఎమరీతో గీకి మళ్ళీ వాడకండి. తడి పోగుల మధ్య వత్తికి నూనె ఎక్కినట్టు ఇన్సులేషన్ కింద వెనక్కి పాకుతుంది. కోస్తూ పొండి, లోపల రాగి గులాబీరంగులో మెరిసేదాకా. ఒక్కోసారి జానెడు, ఒక్కోసారి మూరెడు పోతుంది. వైరు పొట్టైతే కొత్తది వేయండి, మధ్యలో అతుకు మాత్రం వద్దు.

అల్యూమినియం సర్వీసు వైరుకి రెండు లోహాల లగ్గులు దొరుకుతాయి, గొట్టం అల్యూమినియం, ఆకు రాగి, కలిపింది ఫ్యాక్టరీలో. అది వాడండి. అల్యూమినియం మీద పొర మీరు గీకిన క్షణంలోనే మళ్ళీ వస్తుంది, అందుకని ముందు జాయింటింగ్ పేస్టు రాసి ఆ పేస్టు మీదనించే వైర్ బ్రష్షుతో గీకి, తుడవకుండా అలాగే లగ్గులో దూర్చి సరైన సైజు డైతో క్రింప్ చేయాలి. సుత్తి ఇంట్లో పెట్టి రమ్మనండి మీ ఎలక్ట్రీషియన్ని.

పూత ఎప్పుడయ్యా అంటే, లోహం లోహానికి తగిలి నట్టు పూర్తిగా బిగిశాక, పైన. వాసలీన్ కారు బ్యాటరీకి బానే ఉంటుంది, ఎండాకాలం రేకుల కింద ప్యానెల్లో కరిగి కిందకి కారిపోతుంది. కరగని గ్రీజు దొరుకుతుంది, సిలికాన్‌ది, లేదంటే ఎలక్ట్రికల్ వార్నిష్ స్ప్రే. బైకు చైనుకి కొట్టే తుప్పు స్ప్రే ఉంది చూశారూ, అది బిగుసుకుపోయిన నట్టు విప్పడానికి పనికొస్తుంది, నెలల తరబడి కాపాడదు, ఆరిపోతుంది.

ఇది గుర్తు పెట్టుకోండి, కాంటాక్టర్ (మోటారుకి కరెంటు కలిపి తెంపే స్విచ్చు) లోపలి పాయింట్లకి మాత్రం ఏదీ రాయకండి, ఎమరీ కూడా పెట్టకండి. అవి వెండి కలిసినవి, కాస్త నల్లబడ్డా పనిచేస్తాయి. అక్కడ గ్రీజు రాస్తే నిప్పురవ్వకి మాడి మసై అంటుకుపోతాయి. బాగా గుంటలు పడితే సెట్టు మార్చడమే.

విశాఖ_బాల్కనీ | జూన్ 12, ఉదయం 9:20

ఇదంతా చదివాక నా తప్పు ఒకటి అర్థమైంది. గేటు లైటు జాయింటుకి నీళ్ళు దిగకుండా సిలికాన్ గన్నుతో దట్టంగా పూశాను, పూస్తుంటే వెనిగర్ వాసన. నాలుగు నెలల్లో విప్పితే నీళ్ళు దిగలేదు, కానీ లోపల పచ్చగా ముద్ద. ఇదీ ఆమ్లం గొడవేనా?

రసాయనం_టీచర్ | జూన్ 12, ఉదయం 10:30

అదేనండి. పుల్లటి వాసన వచ్చే సిలికాన్ గట్టిపడేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. కిటికీ అద్దాలకి ఫర్వాలేదు, రాగికి వద్దు. షాపులో న్యూట్రల్ అని అడగండి, వాసన దాదాపు ఉండదు.

కరెంటు_కుర్రాడు | జూన్ 12, మధ్యాహ్నం 12:12

ఇంత గొడవ దేనికండీ, ఐపీ65 బాక్సు కొని పెట్టేస్తే అయిపోయే. నేను డిప్లొమా ఫైనలియర్, మా ల్యాబ్‌లో అవే.

తీగల_మావయ్య | జూన్ 12, మధ్యాహ్నం 2:40

కుర్రాడా, మంచి మాటే, సగం. ఆరు అంటే దుమ్ము దూరదు, ఐదు అంటే పైపుతో నీళ్ళు కొట్టినా దిగవు. తుప్పు పట్టదని ఎక్కడా రాసిలేదు దానిమీద. పైగా పగలు బాక్సు వేడెక్కి లోపలి గాలి బయటకి పోతుంది, రాత్రి చల్లబడి ఏదో సందులోంచి బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. బాక్సు ఊపిరి తీస్తుంది నాయనా! ఆ వచ్చిన చెమ్మ లోపల నీటిబొట్టై కిందకి దిగి అక్కడే ఉండిపోతుంది. ఎన్ని ఐపీ65 బాక్సులు విప్పితే గ్లాసుడు నీళ్ళు పోశానో చెప్పలేను.

వైర్లన్నీ కిందనించి గ్లాండుతో (రంధ్రంలో వైరు చుట్టూ బిగుసుకునే బిగింపు) రావాలి, పైనించి తెస్తే వైరే కాలవ అయిపోతుంది. లోపలికి దూరేముందు వైరు కాస్త కిందకి వేలాడి పైకెక్కాలి, అప్పుడు నీటిచుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. వాడని రంధ్రాలకి బిరడాలు. అడుగున తేమ బయటకి పోయే చిన్న డ్రెయిన్ ప్లగ్గు. ఏరేటర్ మోటారు మీద టెర్మినల్ బాక్సుకీ ఇవే, దాని రబ్బరు వాషరు పోతే రెండ్రూపాయల ట్యూబు ముక్క కోసి పెట్టకండి, అసలుది కొనండి.

కరెంటు_కుర్రాడు | జూన్ 12, మధ్యాహ్నం 2:55

సరే మావయ్యగారూ 🙏 మా సారు ఊపిరి సంగతి చెప్పలేదు. సిలికా జెల్ ప్యాకెట్లు పడేస్తే?

తీగల_మావయ్య | జూన్ 12, మధ్యాహ్నం 3:05

పడెయ్యి, కానీ రంగు మారినప్పుడు తీసి వేడిచేసి మళ్ళీ పెట్టాలి. అది చేసే ఓపిక ఎవరికుంటుంది చెప్పు, నాకైతే లేదు.

ఉప్పుటేరు_రైతు | జూన్ 16, రాత్రి 9:30

పని మొదలైంది. బ్లీచింగ్ అంతా మూతలున్న ప్లాస్టిక్ డ్రమ్ముల్లోకి ఎత్తి, నీడలో గాలి ఆడేలా విడిగా తాటాకు పాక వేసి అక్కడ పెట్టించాను. డీజిల్ ఇంకోవైపు. మంచం వరండాలోకి. కుర్రాడు అంటున్నాడు, తలనొప్పి తగ్గిందంట, ఇన్నాళ్ళూ రొయ్యమేత వాసనకి అనుకున్నాడంట.

విశాఖ_బాల్కనీ | జూన్ 16, రాత్రి 9:44

పాపం కుర్రాడు. ప్యానెల్ ఫొటోల కంటే ఈ లైను భయం వేసింది.

తీగల_మావయ్య | జూన్ 17, ఉదయం 6:40

కొత్త లగ్గులు వేశాక ఒక పరీక్ష చేయించండి. పదీ తిరుగుతుండగా మీటరు మిల్లీవోల్టులో పెట్టి, ఒక్కో జాయింటుకి అటూ ఇటూ, అదే ఫేజు మీద, కొలవాలి. వైరు మీద ఒక ముల్లు, లగ్గు బిగించిన బోల్టు మీద ఒకటి. మూడు ఫేజులూ పోల్చండి. మంచి జాయింటు కొద్ది మిల్లీవోల్టులే చూపిస్తుంది. ఇది కరెంటు ఉండగా చేసే పని, చేతివాటం ఉన్నవాడే, గ్లోవ్సుతోనే, మీరు దూరంగా ఉండి రాసుకోండి.

ఇంకోటి ఇన్నిరోజులూ ఎవరూ అడగలేదు. ఎర్తు సంగతేంటి? ఫేజు జాయింటు చెడితే మోటారు మూలిగి చెప్తుంది. ఎర్తు వైరు తుప్పుపట్టి ఊడిపోతే ఎవరూ చెప్పరు, ఏరేటర్లు ఎప్పట్లాగే తిరుగుతుంటాయి, మోటారు బాడీకి ఫేజు తగిలిన రోజున చెరువులో దిగినవాడికే తెలుస్తుంది.

ఉప్పుటేరు_రైతు | జూన్ 19, సాయంత్రం 7:10

కొలిచాం. మూడు ఫేజుల్లో రెండు 12, 15 మిల్లీవోల్టులు. మూడోది 410! కొత్త లగ్గే, కానీ ప్యానెల్ వైపు పాత బోల్టు అలాగే ఉంచేశాడు. మెయిన్ మీద ముప్ఫై ఆంపియర్ల దాకా పోతోంది.

కరెంటు_కుర్రాడు | జూన్ 19, సాయంత్రం 7:18

0.41 ఇంటూ 30 అంటే 12 వాట్లు పైనే, ఒక్క బోల్టు దగ్గర! చిన్న సోల్డరింగ్ ఐరన్ పెట్టి రాత్రంతా కాల్చినట్టే.

ఉప్పుటేరు_రైతు | జూన్ 20, ఉదయం 11:00

బోల్టు, స్ప్రింగ్ వాషరు, బస్‌బార్ (ప్యానెల్లో కరెంటు పంచే లోహపు పట్టీ) ముక్క మార్చి బిగిస్తే 14కి దిగింది. కుర్రాడూ థాంక్స్ అబ్బాయ్, ఆ లెక్క మా ఎలక్ట్రీషియన్‌కి చూపిస్తే నోరు మూసుకుని బోల్టు తేవడానికి బయల్దేరాడు.

ఎర్తు సంగతి రాయడానికే సిగ్గేస్తోంది మావయ్యగారూ. పది ఏరేటర్లలో నాలిగింటికి ఎర్తు వైరు మోటారు దగ్గర తుప్పుపట్టి ఊడిపోయుంది. గొయ్యిలో జీఐ పైపు నేల దగ్గర సన్నగా అరిగి చేత్తో విరిగింది. రెండేళ్ళ క్రితం ఉప్పూ బొగ్గూ పోసి పెట్టిందే అది.

తీగల_మావయ్య | జూన్ 20, మధ్యాహ్నం 12:30

సిగ్గెందుకు, చూసుకున్నారు కదా. ఆ ఉప్పే పైపుని తినేసింది. మీ నేలే ఉప్పునేల, దానికి మళ్ళీ ఉప్పు పొయ్యడం దేనికి? రాగిపూత రాడ్లు రెండు దిగ్గొట్టి, చుట్టూ బెంటొనైట్ మట్టి పోసి, క్లాంపు నేల పైన కనపడేలా పెట్టించండి, ఎర్త్ టెస్టరుతో కొలిపించండి. ఒక్కో ఏరేటర్ లైనుకి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్చు) పెట్టించండి, అన్నిటికీ కలిపి ఒక్కటే పెడితే ఒకటి లీకైనా పదీ ఆగుతాయి, అప్పుడు మీవాళ్ళు విసిగి దాన్ని బైపాస్ చేసేస్తారు. నాకు తెలుసు మీవాళ్ళు.

ఉప్పుటేరు_రైతు | జూన్ 20, మధ్యాహ్నం 12:41

చేసేస్తారండి, నిజమే 😄

పాతసైకిల్_సీను | జూన్ 21, ఉదయం 6:15

అయితే గేటు కీలుకి ఇంజనాయిలు ఓకేనా కాదా ఎవరైనా చెప్పండి.

తీగల_మావయ్య | జూన్ 21, ఉదయం 6:32

ఓకే సీనూ.

ఉప్పుటేరు_రైతు | సెప్టెంబర్ 14, రాత్రి 8:50

మూడు నెలలైంది, ఎవరైనా వెతుక్కుంటూ వస్తే పనికొస్తదని రాస్తన్నాను. వానాకాలమంతా గడిచింది. ఇవాళ ప్యానెల్ విప్పాం. లగ్గులు ఎర్రగానే ఉన్నై, గ్రీజు అలాగే ఉంది, మిల్లీవోల్టులు 13, 15, 15. ఆర్‌సీసీబీ ఒకటి రెండుసార్లు పడింది, విప్పి చూస్తే ఏడో నంబరు ఏరేటర్ టెర్మినల్ బాక్సు వాషరు పోయి నీళ్ళు దిగినై, ఆర్‌సీసీబీ నిజమే చెప్పింది పాపం, మేమే రెండోసారి దాకా నమ్మలేదు.

లోపల పచ్చది ఒక్కటే కనపడింది, చిన్న తొండ. బిరడా పెట్టని గ్లాండు రంధ్రం ఒకటి మర్చిపోయాం, అందులోంచి దూరింది. బిరడా పెట్టించాను, తొండని ముందు బయటకి తోలి.

నల్గొండ_బోరు | సెప్టెంబర్ 14, రాత్రి 9:05

నా యూరియా బయటికొచ్చింది అన్నా, నీలం మళ్ళ రాలే. తమ్ముడు మాత్రం ఇంక ఆ స్క్రూ ముచ్చట ఎత్తుతనే ఉన్నడు.